పాలపాకెట్ల తోరణం

ఆ మంగళవారం పొద్దున్న దీపాలవారి వీధిలో, ఒక మేడమీది వాటాలో, మొగుడూ పెళ్ళాలకి పేచీ వచ్చింది. కారణం పాలపాకెట్టు మూల.

జోగారావు కాఫీ కోసం పాకెట్టు కత్తిరించాడు. మూల పూర్తిగా తెగి, చిటికెనవేలి గోరంత ముక్క సింకులో పడి, నీళ్ళతోపాటు తూములోకి జారిపోయింది.

"మూల పూర్తిగా కొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అంది భ్రమరాంబ.

"గోరంత ముక్క. దానికింత రాద్ధాంతమా?"

"గోరంతే. రోజుకి రెండు. ఈ ఇంటికొచ్చి పద్ధెనిమిదేళ్ళు. ఆ గోళ్ళన్నీ ఇప్పుడెక్కడున్నాయి?"

జోగారావు పురపాలక సంఘం ఆఫీసులో, జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. రిజిస్టరులో నమోదు కానివాటి ఆచూకీ గురించి ఆయన అభిప్రాయం చెప్పడు. పాలు గిన్నెలోకి వంచాడు.

"గోళ్ళ సంగతి తీరిగ్గా తేల్చుకోండి. ముందు నా కాఫీ ఇటు పంపండర్రా" అంది వసారాలోంచి ఆయన తల్లి సుభద్రమ్మ.

పాకెట్టు కొయ్యడానికి భ్రమరాంబకి ఒక పద్ధతి ఉంది. మూల తెగీ తెగకుండా, పాకెట్టుని అంటిపెట్టుకునే ఉండాలి. పాలు వంచుకున్నాక ఒకసారి నీళ్ళు పోసి గిలకరించి, ఆ నీళ్ళు కరివేపాకు మొదట్లో పొయ్యాలి. రెండోసారి కడిగి, వీధివైపు బాల్కనీలో దండేనికి క్లిప్పు పెట్టి, కోసిన మూల కిందికి వచ్చేలా ఆరెయ్యాలి. లేకపోతే లోపల నీరు నిలిచి వాసనొస్తుంది. డిగ్రీలో ఆవిడ చదివింది వృక్షశాస్త్రం. ఉద్యోగం చెయ్యలేదు గాని, ఆ చదువుని ఇంట్లో ఊరికే కూర్చోనివ్వలేదు.

ఏటా ఏప్రిల్ మొదటినుంచి అలా పోగైన పాకెట్లలో, మృగశిర కార్తెలో మట్టి నింపి, ఒక్కోదాంట్లో ఒక్కో గింజ పెట్టి, బీర, ఆనప, కాకర, పొట్ల మొక్కలు లేపేది. వీధిలో ముప్ఫయ్యొక్క ఇళ్ళు. ఇంటికి రెండు మొక్కలు. మొత్తం అరవై రెండు పాకెట్లు. శ్రావణమాసం వచ్చేసరికి ఆ వీధిలో ఏ గోడ చూసినా పాదులే. పదకొండేళ్ళుగా ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఆ మంగళవారానికి దండెం మీద సరిగ్గా అరవై రెండు ఉన్నాయి.

సరిగ్గా ఆ వారమే పురపాలక సంఘానికి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి పట్టణమూ నెల రోజుల్లోగా తన పరిధిలో కనీసం ఒక సుస్థిర కళాఖండాన్ని గుర్తించి, పరిరక్షించి, నివేదిక పంపాలి. లేదని రాయడానికి ఫారంలో గడి లేదు. కాబట్టి ఉండి తీరాలి.

కళాఖండాన్ని వెతకడానికి నగరం నుంచి నిరంజన్ వర్ధన్ అనే కళా సలహాదారుని పిలిపించారు. ఆయన నార చెప్పులు తొడుక్కుని, ఏసీ కారులో మూడు రోజులు ఊరంతా తిరిగాడు. పార్కులో పాత టైర్లతో చేసిన ఏనుగుని చూసి, "ఇందులో బాధ లేదు" అన్నాడు. బస్టాండులో సీసామూతలతో అతికించిన నెమలిని చూసి, "ఇందులో బాధ తప్ప ఇంకేం లేదు" అన్నాడు. నాలుగో రోజు ఆయన కారు దీపాలవారి వీధిలో చెత్త ట్రాక్టరు వెనకాల ఇరుక్కుంది. ఆయన విసుగ్గా తలెత్తి పైకి చూశాడు.

పది నిమిషాల తర్వాత భ్రమరాంబ తలుపు తీసేసరికి గుమ్మంలో ఆయనా, పక్కనే సహాయ కమిషనర్ త్రివిక్రమరావూ నిలబడి ఉన్నారు. సలహాదారు కళ్ళు తడిగా ఉన్నాయి.

"అది ఎవరి సృష్టి?" అన్నాడు.

"ఏదండీ?"

"పైన వేలాడుతున్నది."

"పాలపాకెట్లండీ. ఆరేశాను."

సలహాదారు కమిషనర్ వైపు తిరిగాడు. "విన్నారా? ఆరేశాను. ఒక్క మాట. మేం దీన్ని సెమినార్లలో మూడు గంటలు చెబుతాం."

లోపలికొచ్చి, దండెం కిందుగా వంగి అటూ ఇటూ నడిచాడు. పదిహేడో పాకెట్టుకీ పద్ధెనిమిదో పాకెట్టుకీ మధ్య జానెడు ఖాళీ ఉంటే అక్కడ ఆగిపోయాడు.

"ఈ శూన్యం ఎందుకు వదిలారు?"

"అక్కడ క్లిప్పు విరిగిందండీ."

"విరిగింది" అని నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

త్రివిక్రమరావుకి కళ గురించి పెద్దగా తెలియదు గాని, ఫారంలో గడి నిండుతోందని తెలిసింది. "మీరు జోగారావు భార్యా? ఇన్నాళ్ళూ మన స్టాఫులోనే ఇంత ప్రతిభ పెట్టుకుని... ఆయన ఒక్క కాగితం పెట్టలేదు చూడండి" అన్నాడు.

"ఆయనకీ తెలియదండీ" అంది భ్రమరాంబ.

అదే వారంలో బాల్కనీ కింద గోడకి బోర్డు దిగింది. "క్షీరతోరణం. మాధ్యమం: పాలు లేని పాకెట్లు, దండెం, గాలి. పురపాలక సంఘ పరిరక్షిత సుస్థిర కళాఖండం. తాకరాదు." దాంతోపాటు ఇంటికి పదమూడు నిబంధనల కాగితం వచ్చింది. దండెం మీద ఇతర వస్త్రాదులు ఆరవేయరాదు. బాల్కనీ తలుపు రోజుకి రెండుసార్లకు మించి తెరవరాదు. పాకెట్ల సంఖ్య అరవై రెండుకు తగ్గరాదు, పెరగరాదు. గుర్తింపు పొందిన కళాకారిణి ఇంట్లో ఇకపై వెలువడే పాకెట్లను ఆమె వాడరాదు, పారవేయరాదు. వాటిని అవశేషములుగా పరిగణించి, వారానికోసారి ఆఫీసులో అప్పగించి రసీదు పొందవలెను.

సుభద్రమ్మ చీరలు పడగ్గదిలో ఫాను కింద ఆరడం మొదలైంది. "నా చీరకంటే పాలకవరు ఎక్కువైపోయిందిరా జోగీ" అంది ఆవిడ. జోగారావు నిబంధనల కాగితం మళ్ళీ ఒకసారి చదివి, "వస్త్రాదులు అని స్పష్టంగా రాశారమ్మా" అన్నాడు.

మర్నాడు భ్రమరాంబ రైతుబజారు నుంచి వస్తూంటే, ఇంటి ముందు పదిమంది తలలెత్తి చూస్తున్నారు. ఆవిడా సంచీ కింద పెట్టి పైకి చూసింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. పాకెట్లు గాలికి ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి. వాటిలోంచి దిగిన వెలుగు ఎదురింటి గోడమీద, చెరువునీళ్ళ మీద మెరుపులా వణుకుతోంది. పదకొండేళ్ళుగా ఆరేస్తున్నా, వీధిలో నిలబడి ఆవిడ దాన్ని ఎప్పుడూ చూడలేదు. నిజంగానే బాగుంది. అలా చాలాసేపు నిలబడిపోయింది.

అంత బాగున్నదానికి కింద బోర్డెందుకో మాత్రం ఆవిడకి బోధపడలేదు.

మరో నాలుగు రోజులకి ఈదురుగాలి వచ్చి నలభై ఒకటో పాకెట్టుని ఎత్తుకుపోయింది. ఆ సాయంత్రం జోగారావు ఆఫీసునుంచి ఒక కవరుతో వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, భార్య ముందు నిలబడ్డాడు.

"నోటీసు. నీ పేరున."

"చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇందుమూలముగా శ్రీమతి భ్రమరాంబ గారికి తెలియజేయడమేమనగా, తమ సంరక్షణలోని కళాఖండమునందు క్రమసంఖ్య నలభై ఒకటి అదృశ్యమైనట్లు తనిఖీలో తేలినందున, తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో లిఖితపూర్వకముగా..."

"ఇది రాసిందెవరు?"

"నేనే. ఆ సెక్షన్లో ఎవరూ లేరని నాకు అదనపు బాధ్యత ఇచ్చారు." కాగితం ముందుకు చాపి, "ఇక్కడ సంతకం పెట్టాలి. అందినట్టు" అన్నాడు.

"గాలి వచ్చినప్పుడు మీరూ బాల్కనీలోనే ఉన్నారుగా?"

"అది వ్యక్తిగతం, భ్రమరా. ఇది ఆఫీసు."

భ్రమరాంబ అక్కడే ఆ కాగితం వెనకాల "గాలి వచ్చింది" అని రాసి సంతకం పెట్టింది. సంజాయిషీ సంక్షిప్తంగా ఉందనీ, గాలి ఎవరి అనుమతితో వచ్చినదీ అందులో పేర్కొనలేదనీ పైవాళ్ళు అభ్యంతరం పెట్టారు. చివరికి డెయిరీ నుంచి కొత్త పాకెట్టు ఒకటి తెప్పించి, ముగ్గురు సభ్యుల ఉపసంఘం దాన్ని చేత్తో నలిపి, పాతదానంత నలిగిందని ధ్రువీకరించి, ఖాళీలో తగిలించింది.

ఈలోగా పేపర్లో బొమ్మ పడింది. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. మెచ్చుకోలు వస్తే ఊరుకోవడం ఆఫీసులకి చేతకాదు. "ఇంటింటా క్షీరతోరణం" పథకం పుట్టింది. ప్రతి ఇల్లూ మూడు వారాల్లో అరవై రెండు వాడేసిన పాలపాకెట్లు వీధివైపు వేలాడదియ్యాలి.

దీపాలవారి వీధిలో పధ్నాలుగు ఇళ్ళకి అసలు పాకెట్లే రావు. గేదెల పైడిరాజు రోజూ సైకిలు మీద క్యాను తెచ్చి చెంబుల్లో పాలు పోసి వెళ్తాడు. ఆ పధ్నాలుగు ఇళ్ళకీ "పాకెట్ రహిత గృహం, సుస్థిరతయందు వెనుకబడినది" అని తలుపుమీద ఎర్ర స్టిక్కరు అంటించారు. ఎదురింటి మంగతాయారు తలుపుమీద రెండు పడ్డాయి. ఆవిడ చెంబుతోపాటు కూరలకి గుడ్డసంచీ కూడా వాడుతోందని తనిఖీలో తేలింది.

"ముప్ఫై ఏళ్ళనుంచి చెంబేనండీ వదినగారూ" అంది మంగతాయారు, బాల్కనీ కింద నిలబడి. "ఇప్పుడు వెనకబడ్డానట. మా కోడలు రేపట్నుంచి రోజుకి ఆరు పాకెట్లు తెమ్మంది. తొందరగా ముందుకెళ్ళాలి కదా."

"ఆరు పాకెట్ల పాలు ఏం చేస్తారు?"

"పాలదేముందండీ. పాకెట్టు ముఖ్యం. పాలు తూములో పొయ్యొచ్చని తనిఖీకొచ్చిన మేస్త్రీ చెప్పాడు. నిషేధం లేదట."

వారం తిరిగేసరికి పైడిరాజు మేడమెట్లెక్కి వచ్చాడు. క్యాను సగానికి పైగా నిండుగానే ఉంది.

"అమ్మగారూ, పన్నెండిళ్ళు మానేశారు. మీ తోరణం శానా బాగుందంట, మా యావిడ కూడా సూసొచ్చింది. కానీ మా గేదెలకేటి తెలుస్తాది? అవి పాలిచ్చెస్తన్నాయి. పాకెట్లలో ఇమ్మంటే ఇవ్వవు కదా."

భ్రమరాంబ లోపలికెళ్ళి వచ్చింది. గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. అతను తాగి, గ్లాసు బోర్లించి, మరో మాట అనకుండా దిగిపోయాడు. ఆ మాటలకంటే అతను మాట్లాడకుండా వెళ్ళడమే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

ఊళ్ళో పాకెట్లకి కరువొచ్చింది. పథకం ఆగిపోకుండా పురపాలక సంఘం లక్ష కొత్త ఖాళీ పాకెట్లకి ఆర్డరిచ్చింది. అవి పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో, లోపల వందేసి చొప్పున చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. వాడేసినవి అయివుండాలని నిబంధన ఉంది గనక, పారిశుద్ధ్య సిబ్బందిని వీధులూడ్చే పనినుంచి తప్పించి, ఆఫీసు పెరట్లో కూర్చోబెట్టి, పాలనీళ్ళలో ముంచి ఆరబెట్టే పనికి పెట్టారు. వీధిలో చెత్త పేరుకుంది. పైన తోరణాలు మిలమిలలాడాయి.

మృగశిర కార్తె వచ్చింది. తొలి వాన కూడా పడింది. భ్రమరాంబ డబ్బాలో దాచిన విత్తనాలు తీసి చూసింది. అన్నీ కిందటేడు ముదిరిన కాయలనుంచి తీసినవి. వచ్చే ఏడుదాకా ఆగితే సగం మొలవవు. ఈ కార్తె దాటితే పాదులు పందిరెక్కేసరికే వానలు వెళ్ళిపోతాయి.

పాకెట్లు పోతే పోయాయని ఆవిడ ఏడు కొబ్బరిచిప్పల్లో మట్టి నింపి బాల్కనీలో వరసగా పెట్టింది. మధ్యాహ్నానికల్లా తనిఖీవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారు. సాయంత్రానికి అవి "సప్తర్షులు, అనుబంధ కృతి" అయిపోయాయి. వాటికీ తాడు కట్టారు. గుర్తింపు పొందిన కళాకారిణి చేత్తో అమర్చిన ఏ వస్తువైనా పరిరక్షణలోకి వస్తుందని పధ్నాలుగో నిబంధన ఆ రోజే చేరింది. ఆ దెబ్బతో సుభద్రమ్మ, "అమ్మాయ్, వంటింట్లో ఉప్పుడబ్బాలు కాస్త చెల్లాచెదురుగా పెట్టు" అంది.

చివరికి భ్రమరాంబ అర్జీ పెట్టింది. తన పాకెట్లు తను దింపుకుని గింజలు నాటుకోవడానికి అనుమతి కావాలని. అర్జీ విచారణకి కమిటీ వాళ్ళింటికే వచ్చింది. త్రివిక్రమరావు కుర్చీలో, నిరంజన్ వర్ధన్ నేలమీద చాప వేయించుకుని. జోగారావు ఫైలు పట్టుకుని గోడవార నిలబడ్డాడు. ఆ పూట ఆయన ఆ ఇంటి మనిషి కాదు, సంబంధిత సెక్షను.

"మేడమ్, మా వైఖరి చాలా ఉదారం" అన్నాడు త్రివిక్రమరావు. "కళాఖండం విషయంలో సృష్టికర్త ఉద్దేశమే సర్వోన్నతమని నిబంధనల్లో మొదటిదే అది."

"అయితే ఇబ్బంది లేదండీ. గింజలు నాటాలన్నదే నా ఉద్దేశం. మొదటినుంచీ అదే."

కమిషనర్ ఫైలు తిప్పించాడు. "లేదు మేడమ్. మీ ఉద్దేశం నివేదిక మూడో పేజీలో ఉంది. 'వినియోగ సంస్కృతి మిగిల్చిన నిశ్శబ్దాన్ని గాలిచేత పలికించడం.'"

"అది నేను అనలేదండీ."

"మీరు అనక్కర్లేదు" అన్నాడు నిరంజన్ వర్ధన్ మెత్తగా. "నాటడం మీ వ్యక్తిగత ఉద్దేశం. గృహిణిగా. దాన్ని నేను గౌరవిస్తాను. కళాకారిణిగా మీ ఉద్దేశం వేరు. అది మీకంటే మాకు బాగా తెలుసు."

"వీధిలో ముప్ఫయ్యొక్క ఇళ్ళు మొక్కల కోసం చూస్తున్నాయి."

"వాళ్ళకి ప్రత్యామ్నాయం ఆలోచించాం" అన్నాడు కమిషనర్. "ఇంటికి రెండు చొప్పున ప్లాస్టిక్ బీరపాదులు. ఎండవు, నీళ్ళక్కర్లేదు. నీటి పొదుపు పద్దు కింద కూడా చూపించుకోవచ్చు."

భ్రమరాంబ కమిషనర్ వైపు తిరిగింది. "ఒక్క సందేహం. నేను ముట్టుకున్నవే కదండీ మీ పరిరక్షణలోకి వచ్చేవి?"

"కచ్చితంగా. పధ్నాలుగో నిబంధన."

"ముట్టుకోనివి?"

త్రివిక్రమరావు సలహాదారు వైపు చూశాడు. సలహాదారు కిటికీలోంచి తోరణం వైపు చూశాడు. "ముట్టుకోనిదాంట్లో కళ ఎక్కడుంటుంది మేడమ్?" అన్నాడు.

"రాసుకున్నారా?" అని భర్తని అడిగింది భ్రమరాంబ. జోగారావు రాసుకున్నాడు. అర్జీ తిరస్కరించారు. కాఫీలు తాగి వెళ్ళిపోయారు.

శనివారం సాయంత్రం ఆవిడ గింజలన్నీ గిన్నెలో పోసి నీళ్ళలో నానబెట్టింది. నానిన గింజ ఒక రోజుకి మించి ఆగదు. అది తెలిసే నానబెట్టింది.

ఆదివారం పొద్దున్న గిన్నె పట్టుకుని వీధిలోకి దిగి, మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు. వచ్చి కాళ్ళు కడుక్కుని, విస్తళ్ళు వేసింది. వంకాయ కూర, పప్పుచారు, అప్పడాలు. జోగారావు ముద్ద కలుపుకున్నాడు. సుభద్రమ్మకి నెయ్యి వేసి, తనూ కూర్చుంది.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?" అన్నాడు జోగారావు.

"ముప్ఫయ్యొక్క ఇళ్ళకి. గిన్నె అరుగుమీద పెట్టాను. ఎవరి రెండు గింజలు వాళ్ళే తీసుకున్నారు. ఎవరి మట్టిలో వాళ్ళే పెట్టుకున్నారు. పగిలిన బక్కెట్లు, చిల్లుపడ్డ మూకుళ్ళు, ఏవుంటే అవి. ఎంత లోతులో పెట్టాలో, ఏ వైపు కిందికుండాలో నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి నోటితో చెప్పాను. ఒక్కటీ ముట్టుకోలేదు. మంగతాయారు గారమ్మాయి మూడుసార్లు తలకిందులుగా పెట్టింది. అయినా ముట్టుకోలేదు."

సుభద్రమ్మ ముద్ద నోటిదగ్గర ఆపి కోడలివంక చూసింది. ఆవిడకి చేతులు కట్టుకు నిలబడటం ఎంత కష్టమో అత్తగారికి తెలుసు.

"ఇంకోటి" అంది భ్రమరాంబ. "రేపట్నుంచి మనింటికి పైడిరాజు పాలు పోస్తాడు. పూటకి అర లీటరు. స్టీలు చెంబు తోమి పెట్టాను. పాకెట్టు పాలు ఈ ఇంట్లోకి ఇక రావు."

జోగారావు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నీకు తెలుస్తోందా? క్షీరతోరణం పుట్టిన ఇల్లు ఇది. వచ్చే వారం మంత్రిగారు వస్తున్నారు. ఈ తలుపుకే ఎర్ర స్టిక్కరు పడితే? అంటించాల్సింది కూడా నేనే."

"తిన్నగా అంటించండి. వంకరగా ఉంటే నేను చూడలేను."

"అది కాదే. మంగతాయారు గారు కూడా మళ్ళీ చెంబు పట్టుకుంటారు, నిన్ను చూసి."

"పట్టుకున్నారు. ఆవిడా, ఇంకో ఎనిమిదిళ్ళూ. దారిలో చెప్పారు."

"మరి ఆ దండెం మీదివి?"

"వాటిని అలాగే ఉండనివ్వండి. బాగున్నాయి. వాళ్ళనే చూసుకోమనండి."

జోగారావు పప్పుచారు వడ్డించుకున్నాడు. పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఎందరినో నమోదు చేశాడు గాని, ఇలాంటి దానికి రిజిస్టరు ఎక్కడుందో గుర్తురావడం లేదు.

"రేపు ఆఫీసులో అడుగుతారు. కళాకారిణి ఏమందని. నేనేం రాయాలి?"

"మానేసిందని రాయండి" అంది భ్రమరాంబ, పెరుగు గిన్నె ఆయనవైపు జరుపుతూ. "వేసుకోండి. ఇది ఆఖరి పాకెట్టుది."